వదిన సాక్ష్యం

మనిషికి పిచ్చి అని రాయించుకోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. అది తప్పని రాయించుకోవడానికి మాత్రం సగం జీవితం సరిపోయేట్టు లేదు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు, నన్ను పెంచిన అమ్మ ఊల్కాన్ పోయిన చలికాలంలో, బిష్కెక్ నగరంలో, హాస్టల్లో నేను మాట్లాడడం మానేశాను. బట్టల బీరువాలో దూరి కూర్చునేదాన్ని. ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఎందుకమ్మా అలా దాక్కుంటావు అని అడిగితే, ట్యూబులైట్ల మోత భరించలేకపోతున్నానని చెప్పాను. ఉన్నమాటే చెప్పాను. ఆ లైట్లు నిజంగానే మోగుతాయి, కావాలంటే చెవిపెట్టి వినండి. వాళ్లు మాత్రం నాకేవో గొంతులు వినిపిస్తున్నాయని తేల్చేశారు. స్కిజోఫ్రీనియా అన్నారు. అప్పటినుంచి మాత్రలు మింగుతూనే ఉన్నాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఊరి చివర ఒక కుట్టు కార్ఖానాలో బట్ట కత్తిరించే పని నాది. నాది కాదు, నాది అనుకునేదాన్ని. మాత్రల వల్ల చేతులు వణకడం ఎక్కువయ్యాక, యజమానురాలు నన్ను కత్తెర దగ్గరనుంచి తీసి మూటలు కట్టే మూల కూర్చోబెట్టింది. జాలిపడే కూర్చోబెట్టింది. ఆ జాలికి మరింత ఒళ్లు మండింది.

మాత్రల చీటీ కోసం వెళ్లినప్పుడే ఎల్నూరా కనిపించింది. కొత్తగా వచ్చిన డాక్టరు, నాకంటే చిన్నది. చాలా నెలలు నన్ను గమనించి, ఒకరోజు అంది:

"అక్కా, మీది ఆ జబ్బు కాదు. మీకు ఆటిజం ఉందనిపిస్తోంది. పుట్టుకతోనే ఉండి ఉంటుంది."

ఇలాంటి మాట విన్నప్పుడు ఏడవాలేమో. నాకేమో, "ఆ లైటు ఆర్పేస్తావా?" అనే మాటే నోట్లోకి వచ్చింది. ఆమె నవ్వి, లేచి ఆర్పేసింది. ఇన్నేళ్లలో ఒక్క డాక్టరూ ఆ పని చేయలేదు.

కానీ పాత పేరు కొట్టేయడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒప్పుకోవాలి. ఆ పేరు పోతేనే మాత్రలు తగ్గుతాయి. మాత్రలు తగ్గితేనే నా చేతులు నాకు దక్కుతాయి. బోర్డు పెద్ద సబీర్ గారు. ఆటిజం చిన్నపిల్లలకే వస్తుందని ఆయన గట్టి నమ్మకం.

"మరి ఆ పిల్లలు పెద్దవాళ్లు అవరా సార్?" అని అడిగిందట ఎల్నూరా.

"అయితే రుజువు తీసుకురా. ఆమె చంటిదిగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో చూసినవాళ్లు వచ్చి చెప్పాలి. తల్లి ఉందిగా? తల్లిని పిలవండి" అన్నారట ఆయన.

తల్లి ఉంది. అక్కడే వచ్చింది తంటా. నేను తొలిచూలు బిడ్డను. తొలి బిడ్డను తాత, నానమ్మల ఒళ్లో పెట్టేయడం మాలో ఉన్నదే. నెత్తిమీది పుట్టువెంట్రుకలు తీసిన వెంటనే నన్నూ అలాగే ఇచ్చేశారు. ఇక ఆ బిడ్డ వాళ్లదే. నానమ్మ అమ్మ అవుతుంది, కన్నతండ్రి అన్నయ్య అవుతాడు, కన్నతల్లి వదిన అవుతుంది. నన్ను కన్న జుమాగుల్‌ను నేను బుద్ధెరిగినప్పటినుంచి వదినా అనే పిలిచాను. ఆడబిడ్డను పేరుపెట్టి పిలవకూడదు గనుక ఆమె నన్ను "గారాల పిల్లా" అనేది. అమ్మ పోయింది, నాన్న పోయాడు, అన్నయ్యా పోయాడు. మిగిలింది వదినే. అట్‌బాషిలో ఉంటుంది, కొండల మధ్య.

ఫోన్ చేశాను.

"వదినా, డాక్టర్లు నిన్ను రమ్మంటున్నారు."

"నన్నా? నేనేం చేశానే?"

"నా చిన్నప్పటి సంగతులు చెప్పాలట."

వెనకాల కుక్క మొరుగుతోంది. చివరికి, "వస్తాలే గారాల పిల్లా. ఏం వేసుకుని రానూ?" అంది.

వెల్వెట్ కోటు వేసుకుని వచ్చింది. సంచినిండా వెన్న, ఎండబెట్టిన పెరుగుతో చేసిన కురుత్ ఉండలు, కాల్చిన రొట్టెలు. బోర్డు ముందు పెళ్లిచూపులకొచ్చిన వియ్యపురాలిలా నిటారుగా కూర్చుంది. సబీర్ గారు మర్యాదగానే అడిగారు, పాప ఎప్పుడు మాట్లాడింది, పిలిస్తే పలికేదా, మనుషుల్లో కలిసేదా అని.

"అయ్యో, ఏడాదికల్లా గలగలా మాట్లాడేసిందండీ. ఇంటికెవరొచ్చినా ఎదురెళ్లి సలాం చెప్పేది. ఒళ్లోంచి దిగితే ఒట్టు. పెళ్లిళ్లలో ఎర్రబూట్లేసుకుని ఆడుతుంటే ఊరంతా చుట్టూ చేరేది."

నేను నేలవైపు చూస్తూ వింటున్నాను. ఎర్రబూట్లు అనగానే ఉండబట్టలేదు.

"అవి మీరిమ్ బూట్లు" అన్నాను.

"ఏంటమ్మా?" అన్నారు సబీర్ గారు.

"ఎర్రబూట్లు మీరిమ్‌వి. మా చెల్లిది. నాకు నల్లవి ఉండేవి."

ఆయన ఎల్నూరావైపు ఒక చూపు చూశారు. చూశావా, ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో అన్నట్టు. వదిన తలవంచుకుని చున్నీ కొసను మెలిపెడుతోంది. ఆమె చెప్పిందంతా మీరిమ్ బాల్యమే. నా తర్వాత పుట్టి, తన చేతుల్లో పెరిగిన బిడ్డ అదే మరి. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ మావాళ్లే, ఇంటికొక తొలిచూలు బిడ్డను నానమ్మలకిచ్చినవాళ్లే. అయినా ఈమెను ఎవరు పెంచారని ఒక్కరూ అడగలేదు.

బాల్యం మామూలుగానే గడిచింది, జబ్బు పందొమ్మిదో ఏట మొదలైంది, పాత పేరే సరైనది అన్నారు. "మాత్ర కాస్త పెంచుదాం" అని కూడా అన్నారు సబీర్ గారు, టీలో చక్కెర గురించి చెప్పినట్టు.

ఇంటికొచ్చేసరికి నాకు కోపం కూడా రాలేదు. కోపానికి ఓపిక కావాలి. పొయ్యి మీద నీళ్లు పెట్టి, టీ పోసి వదిన ముందుంచాను. అతిథికి గిన్నెలో సగం లోపే పోయాలి, మళ్లీ మళ్లీ అడిగి పోయాలి. నిండా పోస్తే తాగి బయల్దేరమని అర్థం. అమ్మ నాకు వెయ్యిసార్లు చెప్పింది. అయినా సగం గిన్నె చూస్తే నాకు పని సగంలో వదిలేసినట్టుంటుంది, ఎప్పుడూ నిండుగానే పోస్తాను. వదిన ఎప్పుడూ చేసే ఎగతాళే చేసింది.

"అంచుదాకా పోశావు. పొమ్మంటున్నావా ఏంటే?"

"ఈసారి అవును" అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

"నేను మంచే చెప్పాను కదే" అంది నెమ్మదిగా. "బిడ్డ గురించి పదిమందిలో చెడు చెప్పొచ్చా?"

"నాకు చెడే కావాలి వదినా. నేనెలా ఉన్నానో అదే కావాలి. నువ్వు చెప్పిన పిల్లను నేను కాదు."

"మరి ఏం చెప్పమంటావు? ఆ తెల్లకోట్ల ముందు కూర్చుని, కన్నదాన్నే కానీ నాకేం తెలీదని చెప్పనా? ఏ తల్లి చెప్తుందే ఆ మాట?"

"నువ్వు చూసింది చెప్పు."

"నేనేం చూశాను! వేసవిలో మీరు మందతో కొండెక్కినప్పుడు మీ గుడారానికి వచ్చేదాన్ని. నాలుగు రోజులుండి పోయేదాన్ని."

"ఆ నాలుగు రోజులే చెప్పు."

ఆమె గిన్నె ఖాళీ చేసి, బోర్లించి, గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున్నే నేను లేచేసరికి సంచి సర్దుకుని వ్యాన్ల అడ్డాకు వెళ్లిపోయింది. వెన్న మాత్రం నాకు వదిలింది.

ఎల్నూరా బోర్డు వెంటపడింది. చలికాలమంతా తిరిగింది. ఊరిని కమ్మిన బొగ్గుపొగలో నేనూ తిరిగాను, ఆస్పత్రిలో ఈ గది నుంచి ఆ గదికి, ఆ గది నుంచి ఈ గదికి. పెంచిన మాత్ర వల్ల పొద్దున తల తడిసిన కంబళిలా బరువెక్కేది. మూటల ముడులు కూడా జారిపోవడం మొదలైంది. ఇక చాలు, ఉన్న పేరుతోనే పోదాం అని చాలాసార్లు అనుకున్నాను. ఆ మాట ఎల్నూరాతో అంటే, "మీరు అలసిపోండక్కా, నేను అలసిపోను" అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు అనుకున్నాను. మంచు కరిగేవేళకు బోర్డు మళ్లీ పిలిచింది. వదినకు నేను ఫోన్ చేయలేదు, ఎల్నూరాయే చేసింది. వస్తుందనుకోలేదు.

వచ్చింది. వెల్వెట్ కోటు లేదు, పాడి పనికి వేసుకునే మందపాటి స్వెటరుంది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పోయినసారి అబద్ధం చెప్పానండీ. నేను ఈమెను కన్నాను, పెంచలేదు. మా అత్తగారికి ఇచ్చేశాను. ఈమెకు నేను వదినను."

సబీర్ గారు కలం కింద పెట్టారు. ఆయనకు ఇంకేం వివరించక్కర్లేదు.

"కూర్చో చెల్లెమ్మా" అన్నారు. "చూసిందే చెప్పు. చూడంది చెప్పకు."

వదిన కుర్చీ అంచున కూర్చుంది.

"వేసవికి గుడారానికి వెళ్లేటప్పుడు మిఠాయిలు పట్టుకెళ్లేదాన్ని. పిల్లలంతా నా సంచిమీద పడేవాళ్లు. ఇది మాత్రం ఓ మూల కూర్చుని గుడారం గోడలోని అల్లికకర్రలను ఒక్కొక్కటే వేళ్లతో తడుముతుండేది. చివరిదాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చేది. పిలిస్తే చెవిటిదానిలా ఉండేది. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోయేది. మూడేళ్లు దాటినా మాట లేదు. గొర్రెల మంద వస్తే చెవులు మూసుకుని అరిచేది. నా మొహం వైపు మాత్రం చూసేది కాదండీ. ఎంత బతిమాలినా చూసేది కాదు. దీనికి తెలిసిపోయింది, ఇచ్చేశానని నామీద పగబట్టింది అనుకున్నాను. చంటిది, దానికి పగేంటని ఆలోచించలేదు. ఆ చూపు లేకపోవడం భరించలేక వెళ్లడం తగ్గించేశాను."

"మరి పెంచినావిడ వైపు చూసేదా?" అని అడిగింది ఎల్నూరా.

"అత్తయ్య వైపా? ఎక్కడ చూసేది! అత్తయ్య గౌను అంచు పట్టుకుని రోజంతా..."

అక్కడ ఆగింది. నోరు తెరిచే ఉంది.

"అత్తయ్య వైపు కూడా చూసేది కాదు" అంది. ఈసారి ఆ మాట డాక్టర్లతో అనలేదు.

తర్వాత వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. సబీర్ గారు విసుక్కున్నారు, తల గోక్కున్నారు, చివరికి రాశారు. పాత పేరు కొట్టేశారు, ఆటిజం అని రాశారు. మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేయాలన్నారు. నేను పరవశించిపోతానని అనుకున్నాను. నాకు నిద్ర వచ్చింది, అంతే. ఇరవై ఏళ్లకు పైగా మోసిన బరువు దింపాక భుజం నొప్పి అప్పుడే తెలుస్తుంది.

వదినను వ్యాన్ల అడ్డాకు తీసుకెళ్లాను. మనుషులు నిండితేగానీ అట్‌బాషి వ్యాను కదలదు. ఇంకా సగం ఖాళీగా ఉంది. ఇద్దరం దాని పక్కన నిలబడ్డాం. మామూలుగా అయితే వదిన ఈపాటికి నా తలను దగ్గరకు లాక్కుని నుదుటిమీద ముద్దుపెట్టేది, నేను బిగుసుకుపోయేదాన్ని. ఎల్నూరా లోపల ఏం చెప్పిందో మరి, ఈసారి రెండు చేతులూ స్వెటరు జేబుల్లో పెట్టుకుంది. పెట్టుకుని, అక్కడే గట్టిగా పిడికిళ్లు బిగించి ఉంచింది. బయటికి కనిపిస్తూనే ఉన్నాయి ఆ పిడికిళ్లు.

"అయితే నామీద కోపం కాదన్నమాట" అంది, రోడ్డువైపు చూస్తూ.

ఇలాంటిచోట లేదు అనాలని నాకు తెలుసు. అందరూ అదే అంటారు. కానీ ఇన్నాళ్లూ నేను తిరిగింది నిజం కోసమేగా.

"చిన్నప్పుడు లేదు" అన్నాను. "నువ్వొచ్చావని కూడా నాకు గుర్తులేదు. కర్రలు గుర్తున్నాయి. పెద్దయ్యాక ఉండేది. పోయిన చలికాలమైతే చాలా ఉండింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు అలసిపోయాను వదినా."

ఆమె తలూపింది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు, మొహాలు చూడడం నాకు రాదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినిపించింది. వ్యాను నిండింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, అద్దం దించింది.

"గారాల పిల్లా, ఈసారి వస్తే గిన్నె నిండా పొయ్యి. పొమ్మంటున్నావని అనుకోను."

"పోస్తాను" అన్నాను.

వ్యాను కదిలింది. నేను కార్ఖానాకు నడిచాను. మధ్యాహ్నం పని ఇంకా ఉంది.