ఇంట్లో పందులు లేవు

"ఎవరి కోసం ఇంత సబ్బు?" అన్నాడు భర్త, ఆమె ఇంకా చెప్పులైనా విప్పకముందే.

కంపెనీ వాళ్ల పందుల షెడ్డులోకి వెళ్లాలంటే తలస్నానం, బయటికి రావాలంటే మళ్లీ తలస్నానం. బయటి రోగం లోపలికి పోకూడదని నియమం. పనిలో చేరిన రోజే ఆమె అతనికి ఆ మాట చెప్పింది. పదిహేనేళ్లు "నీ దగ్గర పందుల కంపు" అని ముఖం తిప్పుకున్న మనిషి, ఇప్పుడు ఆ కంపు లేదని అనుమానపడుతున్నాడు. కొంగు దోపుకుని వెనక దొడ్డిలోకి నడిచింది. తొట్టి ఎండిపోయి ఉంది. పొద్దున తను పోసినవే నీళ్లు, మళ్లీ ఒక్క చెంబు పోసిన పాపాన ఎవరూ పోలేదు. ముసలి తల్లి పంది లేచి వచ్చి ముట్టెతో ఆమె మోకాలిని పొడిచింది.

ఒకప్పుడు ఇదే దొడ్డిలో పాతిక తల్లి పందులుండేవి. దాణా కలిపింది ఆమె, పెంట ఎత్తింది ఆమె. ఊపిరాడని పిల్లల ముక్కుల్లో జిగురు తీసి, గుడ్డతో రుద్ది బతికించింది ఆమె. పందుల రైతు మాత్రం అతను. ఆమె గురించి ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు. అత్తగారు రెండాకులు ఎక్కువే చదివింది. "పందులన్నిటికీ పురుడు పోస్తుంది మా కోడలు, మాకే ఒక్క కాన్పూ చూపించలేదు" అని వచ్చినవాళ్లతో చెప్పి నవ్వేది. వాళ్లూ నవ్వేవాళ్లు. ఆమె ఖాళీ టీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయేది.

తర్వాత కంపెనీ వచ్చింది. దగ్గర్లోని చిన్న కబేళా మూతపడింది. ఇంటికొచ్చి కొనే బేరగాడు, "లారీ నిండా ఒకే తూకం పందులు కావాలట బాబాయ్, నీ పదీ పరకా నేనెక్కడ అమ్మను?" అని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వీధిలో తొమ్మిది దొడ్లుంటే రెండేళ్లలో ఎనిమిది ఖాళీ అయ్యాయి. ఊరి చివర మాత్రం కంపెనీ షెడ్లు రైలు పెట్టెల్లా బారులు తీరాయి. అతనూ అన్నీ అమ్మేశాడు, ఈ ఒక్కదాన్నీ తప్ప. "ఒక్క పందైనా లేకపోతే నన్నెవరు రైతంటారు?" అన్నాడు. ఆ రైతుతనానికి నీళ్లు పట్టి, కడిగి, మేపేది ఆమే.

ఇల్లు గడవక ఆమె కంపెనీలో చేరింది. అనుభవం ఏమిటని అడిగితే పక్కనున్న భర్తే, "ఏమీ లేదండీ" అన్నాడు. కాగితం మీద 'లేదు' అని పడింది. అయినా తీసుకెళ్లి పందులు ఈనే షెడ్డులోనే నిలబెట్టారు. అక్కడ తూకం తగ్గిన పిల్లను బతికించకూడదు, తీసి పక్క గంపలో వెయ్యాలి. ఇంట్లో అలాంటివాటిని జాకెట్లో పెట్టుకుని కాచింది. మొదటి రోజు ఒకదాన్ని అరచేతిలో పట్టుకుని కదల్లేక నిలబడితే, మేనేజరు "అమ్మా, ఇది మీ ఇల్లు కాదు" అన్నాడు. మరి తన ఇల్లేదో ఆమెకు తట్టలేదు. ఇప్పుడు చెయ్యి ఆగకుండా తీసి వేస్తోంది. ఆగడం లేదన్నదే ఆమెను లోపల తినేస్తోంది.

ఆ వారం ఎక్కడో పందుల రోగం మొదలైందని తెలిసి, మేనేజరు అందరికీ కాగితాలు పంచాడు. 'నేను నివసించే ఇంట్లో పందులు లేవు.' కింద సంతకం. గడువు శనివారం.

"అమ్మేద్దామండీ," అంది ఇంటికొచ్చి.

"సంపాదిస్తున్నావని నెత్తికెక్కుతున్నావా? సంతకం పెట్టి పారెయ్. ఎవడొచ్చి చూస్తాడు?"

"చూస్తే పని పోతుంది."

"పోతే ఇంట్లో ఉండు. ఇన్నాళ్లూ ఉన్నావుగా!"

"మగాడికి ఆ ఒక్క గౌరవమైనా మిగలనీ తల్లీ, సర్దుకుపో," అంది అత్తగారు మంచం మీంచి.

ఉన్నావుగా. నడుము పడిపోయేలా చేసిన పదిహేనేళ్ల చాకిరీకి అతను పెట్టిన పేరు అదీ. పని పోతే పొయ్యి వెలగదు, అత్తగారికి మందులుండవు, ఆ పందికి దాణా కూడా ఉండదు. అప్పుడు తిట్లు తినేదీ తనే. పోనీ, ఈ దొడ్డి తలుపు తీసి దాన్ని తోలేస్తే? అది మాత్రం ఏం చేసింది పాపం, తనలాగే పట్టుబడ్డ ప్రాణి. దొడ్డిలో కూర్చుని ఏడుద్దామనుకుంది. ఏడుపు కూడా రాలేదు.

శనివారం పొద్దున నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని మేనేజరు ముందు నిలబడింది. కంపెనీ ఆడవాళ్ల క్వార్టర్స్‌లో మంచం కావాలని అడిగింది. గదికి ఆరుగురు, కిటికీ తీస్తే ఎదురుగా మళ్లీ ఆ ఈనే షెడ్డే. అది స్వర్గమేమీ కాదని ఆమెకు తెలుసు.

"ముందు మూడు రోజులు విడి గదిలో ఉండాలి, రూలు," అన్నాడతను. "అయినా ఇల్లు ఇంత దగ్గర కదమ్మా. కొంపదీసి ఇంట్లో పందులున్నాయా ఏంటి?"

ఆమె కలం తీసుకుని సంతకం పెట్టి, కాగితం అతని ముందుకు జరిపింది.

"పంది ఉంది సార్. ఆ ఇంట్లో నేనే లేను."