కాగితంలో లేని మాట

నాకు నోరెక్కువ. లాయరుకి అది ఉండాల్సిందే అంటాడు మా అన్నయ్య. ఆడపిల్లకి అక్కర్లేదనేవాడు మా నాన్న. వాళ్ళిద్దరికీ పెద్ద యుద్ధమే జరిగి, చివరికి అన్నయ్య గెలిచి, నేను లా కాలేజీలో చేరాను. నాన్న ఒప్పుకునేదాకా రెండు రోజులు అన్నం ముట్టలేదు వాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే మీరు నమ్మరు.

లా అయ్యాక, ఆడవాళ్ళ హక్కుల కోసం వాదించే కుర్ర లాయరమ్మలకి ఒక సంస్థ ఇచ్చే ఏడాది ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టాను. మూడొందల మంది అడిగితే ఎనిమిది మందిని తీసుకున్నారు. ఎనిమిదోదాన్ని నేను. మొదటి రోజే ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. సంస్థ చూసే కేసుల్లో మనకి తెలిసినవాళ్ళుంటే వెంటనే చెప్పాలి. ఏ కేసులోనైనా మనమే సాక్షి అయితే, ఆ కేసు తేలేదాకా సీటు వదులుకోవాలి. కేసు తేలడమంటే ఎన్నేళ్ళో లాయర్లకి ఎవరైనా చెప్పాలా? నవ్వుకుంటూ గీకేశాం.

మాకు పాఠం చెప్పేది రిటైరైన లాయరు ఒకావిడ. మేం పెట్టుకున్న పేరు కత్తెర మేడమ్. మనం పది మాటలు మాట్లాడితే తొమ్మిది కత్తిరించేసి ఒక్కటి చేతిలో పెడుతుంది. క్లాసు మొదలవగానే ఫోన్లన్నీ అట్టపెట్టెలో వేయించి, తలుపు మూయించి, కిటికీలు కూడా బిగించేస్తుంది. బాధితుల మాటలు వీధిలోకి పోకూడదట. ఎనిమిది మందిమి ఒక పొడుగాటి బల్ల చుట్టూ మోచేతులు తగిలేలా కూర్చుని ఉడికిపోయేవాళ్ళం.

ఆ శుక్రవారం మేడమ్ ఒకామె ఇచ్చిన వాంగ్మూలం తెచ్చింది. పక్క వీధిలోని సహాయ కేంద్రానికి వచ్చినామె. పేర్లున్న చోటల్లా నల్లసిరా పూసేశారు.

"చూపించడానికి ఆమె ఒప్పుకుంది కాబట్టే ఇస్తున్నాను. రక్షణ ఉత్తర్వు కోసం సోమవారం కోర్టుకి వెళ్తున్నాం. మీ బుర్రల్లో పనికొచ్చే ఆలోచన ఏదైనా పుడితే ఆమె లాయరుకి చెబుతాను" అంది.

ఒక్కో పేజీయే ఇస్తుంది. అంతా ఒకేసారి ఇస్తే చివరిది చదివి తీర్పు చెప్పేస్తామని ఆవిడ అనుమానం.

మొదటి పేజీలో పెద్దగా ఏమీ లేదు. భర్త బయటివాళ్ళకి చాలా మంచివాడు. ఇంట్లో ఆమె ఫోను లాక్కుంటాడు, పుట్టింటికి పంపడు. ఆయన చెల్లెలు వాళ్ళతోనే ఉంటుంది. ఆమెకి అన్నీ తెలుసు, ఎప్పుడూ ఏమీ అనదు.

నేను ఊరుకుంటానా! "ముందు ఈ ఆడపడుచు మహాతల్లిని బోనెక్కించాలి మేడమ్. ఆయన సంగతి తర్వాత. ఒకే ఇంట్లో ఉండి, అన్నీ వింటూ కుక్కిన పేనులా పడుందంటే అదేం మనిషండీ? కడుపుకి అన్నమే తింటోందా?"

పక్కనున్న రేడియో బల్ల చరిచింది. రేడియో అంటే మా బ్యాచ్ పిల్లే, పొద్దున మొదలెడితే ఆగదు. కత్తెర మేడమ్ మాత్రం నా మాటల్లో ఒక్కటే ఉంచుకుంది. "రాసుకోండి. మొదటి సాక్షి, ఆడపడుచు."

టీలు తాగాక రెండో పేజీ ఇచ్చింది.

"మూడేళ్ళ కిందట చెప్పుల స్టాండు బిగించడానికి వడ్రంగి వచ్చాడు. ఆ పూటే మా పడగ్గది తలుపుకి బయటివైపు గడియ పెట్టించాడు మా ఆయన. అప్పట్నుంచి కోపం వస్తే నన్ను లోపల పెట్టి గడియ వేసి బయటికి వెళ్ళిపోతాడు. మూడు గంటలు, ఒక్కోసారి ఐదు. నీళ్ళుండవు. ఆడపడుచు పక్క గదిలో పరీక్షలకి చదువుకుంటూ ఉండేది. నేను తలుపు కొట్టేదాన్ని. గడియకి తాళం లేదు, ఎవరైనా తీయొచ్చు. ఒకసారి బయటికొచ్చాక చూశాను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. వాటి వైరు దేనికీ తగిలించి లేదు, బల్ల మీద ఊరికే పడి ఉంది."

మళ్ళీ మొదటి లైను నుంచి చదివాను. మా ఇల్లు అది. మా చెప్పుల స్టాండు అది. మా వదిన!

సహాయ కేంద్రమూ మా శిక్షణా ఒకే సంస్థవని వదినకి తెలిసుండదు. నాకు తెలుసు. కానీ నా ఇల్లే కాగితమై నా ముందుకొస్తుందని కలగన్నానా? వాళ్ళ గొడవలు వాళ్ళవి అనుకున్నాను ఇన్నాళ్ళూ. "నువ్వు మధ్యలోకి రాకు, చదువుకో" అనేవాడు అన్నయ్య. బుద్ధిగా చదువుకున్నాను. ఏం చదువుకున్నాను? ఆడవాళ్ళ హక్కులు! సిగ్గుతో చచ్చిపోతున్నాను, కదలడానికి లేదు. అటు రేడియో మోచేయి, ఇటు గోడ.

మూడో పేజీ నాలుగు లైన్లే.

"ఆడపడుచుని సాక్షిగా అడగొద్దు. చెడ్డపిల్ల కాదు. అన్న నీడలో బతుకుతోంది. ఈమధ్యే ఏదో ట్రైనింగులో సీటొచ్చిందని ఇల్లంతా గెంతింది. నోరు విప్పితే ఇల్లూ పోతుంది, వాళ్ళన్న ఆ సీటూ మాన్పిస్తాడు. ఇద్దరం ఇరుక్కోవడం ఎందుకు, ఆ పిల్లనైనా బతకనివ్వండి."

అక్షరాలు అలుక్కుపోయాయి. తల ఎత్తలేదు నేను.

"ఆమె వద్దంటోంది. కానీ ఈ సాక్షి లేకపోతే సోమవారం ఆమె మాటా, ఆయన మాటా, అంతే" అంది కత్తెర మేడమ్. "ఆయన బయటికి చాలా మంచివాడు. ఉత్తర్వు రాకపోతే ఆమె మళ్ళీ అదే గదిలోకి వెళ్ళాలి. కాబట్టి ఇవాళ్టి అభ్యాసం, భయపడే సాక్షిని ఒప్పించడం. రేడియో, నువ్వు లాయరు. నువ్వు ఆడపడుచు" అని నాకేసి చూపించింది. "పొద్దున బోనెక్కించమన్నావుగా, ఎక్కు."

"నాకు తలనొప్పిగా ఉంది మేడమ్."

"ఆ ఆడపడుచుకీ ఉండే ఉంటుంది. లే."

బల్ల చివర కుర్చీ వేశారు. అందరి కళ్ళూ నా మీదే. రేడియో గొంతు సవరించుకుంది.

"గడియ సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?"

"పెట్టిన రోజే తెలిసింది."

"ఎందుకు పెడుతున్నారో అడగలేదా?"

"నేను అడగలేదు. వడ్రంగి అడిగాడు. గడియ లోపలివైపు కదా సార్ పెట్టేది అన్నాడు. నీకెందుకయ్యా, పని కానీ అన్నాడు అన్నయ్య. వడ్రంగి నావైపు చూశాడు. నేను అతనికి మంచినీళ్ళిచ్చి నా గదిలోకి పోయాను."

"మరి ఆవిడ తలుపు కొడుతుంటే?"

"ముందు గట్టిగా కొట్టేది. తర్వాత మెల్లగా. ఆ మెల్లగా కొట్టడమే భరించలేకపోయేదాన్ని. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేశాను. తీస్తే వాడు నాతో మాట్లాడడేమోనని భయమేసింది. వెనక్కొచ్చేశాను."

అందరూ చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఏం యాక్షనే బాబూ! నాకు ఒళ్ళు జలదరించింది" అంది రేడియో.

కత్తెర మేడమ్ కొట్టలేదు. మూడు పేజీలూ వెనక్కీ ముందుకీ తిప్పింది.

"వడ్రంగి అన్న మాట ఈ కాగితాల్లో లేదే" అంది. "కల్పించావా?"

"కల్పించే ఉంటుంది మేడమ్! దాని బుర్ర మీకు తెలీదు" అని రేడియోనే జవాబిచ్చేసింది.

అంతే. అవునంటే చాలు. సీటు నాది, ఇల్లు నాది, అన్నయ్య నావాడు. వదిన కూడా అదే కోరుకుంది కదా, రాసి మరీ ఇచ్చింది కదా! నోరు తెరిస్తే చాలు నోరెక్కువ అనిపించుకునే దాన్ని, ఆ ఒక్క "అవును" కోసం నాలుక వెతుక్కుంటూ కూర్చున్నాను. అది రాలేదు.

"లేదు మేడమ్" అన్నాను. "ఆ ఆడపడుచుని నేనే."

రేడియో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడమ్ అందరినీ బయటికి పంపించి తలుపు మళ్ళీ మూసింది. తెల్లకాగితం నా ముందు పెట్టి, జరిగిందంతా రాయమంది. ఆ రోజు నా మాటల్లో ఒక్కటి కూడా కత్తిరించలేదు.

"నీ సీటు పోతుంది."

"తెలుసండీ."

"సోమవారం పొద్దున మీ వదిన బయటపడేలా ఏర్పాటు చేశాం. నువ్వూ ఆమెతోనే వచ్చెయ్యి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఏమీ తెలియనట్టు ఉండాలి. ఉండగలవా?"

"మూడేళ్ళుగా నేను చేస్తున్న పని అదే కదా మేడమ్."

సంతకం పెట్టాను. ఈసారి నవ్వు రాలేదు.

ఐదింటికి అన్నయ్య గేటు ముందు బండి మీద ఉన్నాడు. ఎండకి సీటు కాలుతుందని తన రుమాలు పరిచి పెట్టాడు నాకోసం. వాడు అలాంటివాడే. అది అబద్ధం కాదు, అదే నా ప్రాణం తోడేస్తోంది.

"ఏం నేర్పారే ఇవాళ?"

"భయపడే సాక్షిని ఎలా ఒప్పించాలో నేర్పారు."

"ఒప్పుకుందా మరి?"

"ఒప్పుకుంది."

"అమ్మో! అయితే వాడెవడోగానీ, వాడి పని అయిపోయినట్టే" అని పకపకా నవ్వాడు. "నా చెల్లా మజాకానా!"

హెల్మెట్ లోపల కళ్ళు తుడుచుకునే వీల్లేదు. సందు మలుపులో గుంటలొచ్చాయి.

"గట్టిగా పట్టుకోవే, పడతావు" అన్నాడు.

పట్టుకున్నాను.