చాక్లెట్లు లేని ఈస్టర్

లీలమ్మకు చాక్లెట్లంటే పడదు. తొంభై ఎనిమిదిలో ఈస్టర్ నాడు ఆమె సండే స్కూలు పిల్లలు చాక్లెట్ల సంచి కోసం ఒకరి మీద ఒకరు పడి, చర్చి కుర్చీ విరగ్గొట్టి, పాస్టరుగారి లాల్చీ కూడా చింపారు. "ప్రభువు ఎందుకు లేచాడ్రా?" అని అడిగితే ఒకడు "చాక్లెట్లు పంచడానికి" అన్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయి తెనాలి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఈ పాతబస్తీ పిల్లలకు భక్తి నేర్పే భారమంతా తన నెత్తినే ఉందనుకునే మనిషి మరి.

అందుకని మరుసటేడు బేగంబజార్‌కు వెళ్లి చాక్లెట్లకు బదులు సున్నం, కుంచెలు కొనుక్కొచ్చింది. ఈస్టర్ తెల్లవారుజామున చర్చివాళ్లంతా సమాధుల తోటకు వెళ్లి, తమవాళ్ల సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముందురోజే పిల్లలు ఆ సమాధులన్నీ కడిగి సున్నం వేస్తే సేవ నేర్చుకున్నట్టూ ఉంటుంది, పండగ చేసుకున్నట్టూ ఉంటుంది. పాస్టరుగారు భేష్ అన్నారు. ఆ మాట ఆమె వారం రోజులు అందరికీ చెప్పుకు తిరిగింది.

శనివారం సాయంత్రం పిల్లలు నిజంగానే కష్టపడ్డారు. మోచేతుల దాకా సున్నం, ముక్కుల మీద సున్నం. గోడవార పేదింటి పసిపిల్లల సమాధులున్నాయి. ఉత్త సిమెంటు దిమ్మెలు.

"టీచర్, గీటి మీద నల్లగ ఏందో చెరిగిపోయినట్టు ఉన్నది," అని నందిని అనే పిల్ల అరిచింది.

లీలమ్మ దూరం నుంచే చెయ్యి ఊపింది. "ఇటుక ముక్కతో రుద్దండమ్మా. నల్ల మరక ఒక్కటి కూడా కనబడకూడదు!"

తెనాలిలో ఆమెవాళ్ల సమాధులన్నిటికీ పేర్లు చెక్కిన రాళ్లే. ఈ తోటలో ఆమెవాళ్ల సమాధి ఒక్కటీ లేదు కనుక ఆ మూలకు ఏనాడూ వెళ్లలేదు. పేరును రంగుతో రాసుకునేవాళ్లుంటారని తోచనే లేదు.

తెల్లవారుజామున తోటంతా మెరిసిపోతోంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే మెచ్చుకున్నారు. "నాదేముందండీ, అంతా పిల్లలే చేశారు," అంటూ లీలమ్మ లోపల పొంగిపోయింది.

అంతలో గోడ దగ్గర ఒకావిడ అటూ ఇటూ తిరగడం కనబడింది. హుస్సేనీ ఆలంలో పాలమ్మే ఆండాలమ్మ. ఒక చేతిలో మల్లెపూలు, ఇంకో చేతిలో చిన్న నల్ల రంగు డబ్బా, కుంచె.

"ఏమైందండీ?" అంది లీలమ్మ.

"నా దానియేలు ఏడి టీచరమ్మా? చిన్నగున్నప్పుడే పోయిండు. మా ఆయన బతికున్నప్పుడు పేరు రాసిండు. నాకు సదువు రాదు. ఏడాదికోసారి వచ్చి గా అక్షరాల మీదనే మళ్ల రంగు దిద్దుకుంట. గా గీతలు చూసే గుర్తువడ్తుంటి. ఇప్పుడు అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయ్."

చుట్టూ అందరూ చూస్తున్నారు. "పిల్లలు కదండీ... తెలియక చేశారు," అంది లీలమ్మ.

"మీరే చెప్పిన్రు గద టీచర్," అంది నందిని. "నల్ల మరక ఒక్కటి గూడ కనబడొద్దని." పొగరుగా అనలేదు. టీచరు మరిచిపోయిందేమో అని గుర్తుచేసినట్టు అంది.

సిగ్గుతో లీలమ్మకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చేసిన తప్పు ఒకెత్తు. దాన్ని పసిపిల్లల మీదకు నెట్టడం ఇంకొకెత్తు. "అవునండీ. నేనే రుద్దమన్నాను," అంది, అందరికీ వినబడేలా.

ఆండాలమ్మ తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కూర్చుని దిమ్మెల పొడవూ అంచులూ అరచేత్తో ఒక్కొక్కటే తడిమి చూసింది. చెయ్యంతా తెల్లగా అయింది. చివరికి పక్కపక్కనే ఉన్న రెండింటి దగ్గర ఆగిపోయింది.

"గీ రెండిట్ల ఒకటి మావోడు. ఇంకోటి ఎవల పిలగాడో. వాళ్లు ఊరిడిసి పోయిన్రు." పూలు రెండు భాగాలు చేసి రెండింటి మీదా పెట్టింది. రంగు డబ్బా లీలమ్మ ముందుకు జరిపింది. "మీకు సదువొచ్చు గద. రాయుండి."

"దేని మీద రాయనండీ?"

"రెండిటి మీద రాయుండి. ఏదో ఒక దాంట్లనైతే ఉంటడు గద."

లీలమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఒకదాని మీద దానియేలు అని రాసింది. రెండోదాని మీదా అదే పేరు మొదలుపెట్టింది. ఎవరి బిడ్డ మీదో ఎవరి పేరో రాస్తోంది. పిల్లలు గోళ్లలో సున్నంతో చుట్టూ నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముఖాలు చూడలేక తల వంచుకునే రాసింది.

ఆండాలమ్మ ఆ తడి అక్షరాలను చాలాసేపు చూసింది. "మంచిగున్నయ్," అంది. "ఆయన రాసినట్టయితే లేవు."

డబ్బాకు మూత పెట్టుకుని లేచింది. కోపమేమీ లేకుండా, మంచి చెప్పినట్టే చెప్పింది.

"వచ్చే ఏడు పిల్లలకు చాక్లెట్లే ఇయ్యుండి టీచరమ్మా."

"అలాగేనండీ," అంది లీలమ్మ, తలెత్తకుండా.