పొడిబట్టల సర్పంచ్

రాజకీయాల్లో ఉన్న మనిషికి భుజాన కండువా లేకపోయినా ఫరవాలేదు గానీ, నోట్లో ‘చూద్దాం’ అనే మాట లేకపోతే ఒక్క రోజు కూడా గడవదు. బోరు వేయిస్తావా అంటే చూద్దాం. రోడ్డు పోయిస్తావా అంటే చూద్దాం. మా ఆయనకు ఆ మాటే చేతకాదు. ఆయన దగ్గర ఉన్నవి రెండే మాటలు, అవును, కాదు. అలాంటి మనిషిని పట్టుకొచ్చి మా ఊరివాళ్ళు సర్పంచ్‌ను చేశారు. మీకేమైనా మతి పోయిందా అని నేను అందరినీ అడిగాను కూడా.

ఆయన పేరు అరుళప్ప. పూతలపట్టు దగ్గర దిగి లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు మాది. రెండెకరాల మెట్ట సాగు, ఆదివారం మా క్రైస్తవుల గుడిలో వాక్యం చదవడం, ఎవరింట్లో జగడమైనా పోయి మధ్యన కూర్చోవడం, ఇవీ ఆయన పనులు. నేను రూతమ్మను, సమితి బడిలో టీచరును. ఇది పంతొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరం నాటి మాట. అప్పట్లో బడులు, బోర్లు, రోడ్లు అన్నీ పంచాయతీ సమితి చేతిలో ఉండేవి. సమితి ప్రెసిడెంటు తలచుకుంటే ఊరికి నీళ్ళొస్తాయి, లేకపోతే లేదు. నా బడి గుట్ట అవతల ఉండేది. పొద్దున్నే సద్ది కట్టుకుని పోతే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. మోకాళ్ళు అరిగిపోయాయి, ఊరికి దగ్గరగా బదిలీ చేయండి అని ఎందరికి మొరపెట్టుకున్నానో! అందరూ చూద్దాం అన్నవాళ్ళే.

ఆ ఏడాది ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ సర్పంచులే ఓట్లు వేసి తమలో ఒకరిని ఎన్నుకోవాలి. పోటీలో ఇద్దరు. ఒకరు చిత్తూరులో బెల్లం మండీ ఉన్న పరంధామయ్య. ఇంకొకరు మా పక్క ఊరి పెద్దరైతు వరదయ్య. వరదయ్య నోరు గట్టిది గానీ మనసు మంచిది. మా పేట ఆడవాళ్ళు నీళ్ళకు ఆయన చేని బావికే పోయేవాళ్ళు. మా ఆయన నేరుగా పోయి, “గెలిస్తే మా పేటకు బోరు వేయిస్తావా అన్నా?” అని అడిగాడు. వేయిస్తానన్నాడు వరదయ్య. “అయితే నా ఓటు నీకే,” అని వచ్చేశాడు ఈయన. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

ఎన్నికలో మాట ఇస్తే సరిపోతుందా? మా వైపు పెద్దపెద్ద తగాదాలన్నీ చివరికి కాణిపాకంలోనే తేలతాయి. తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తే ఎంతటివాడైనా మాట తప్పడానికి వణుకుతాడు. వరదయ్య తన వైపు సర్పంచులందరినీ ఒక వ్యానులో ఎక్కించి అక్కడికి తీసుకుపోయాడు. చిత్తూరులో మా అక్కను చూసి రావచ్చు కదా అని నేనూ ఎక్కాను.

అందరూ కోనేట్లో మునిగారు. తడి పంచెలతో వరుసగా నిలబడ్డారు. మా ఆయన మాత్రం వ్యాను పక్కన పొడి పంచెతో, పొడి చొక్కాతో నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా, నువ్వు మునగవా?” అన్నాడు వరదయ్య.

“నేను అవునన్నాను కదన్నా.”

“అందరూ అన్నోళ్ళే. ఇప్పుడు దేవుడి ముందర చెప్తాండారు. నువ్వూ రా.”

“ఒట్టు పెట్టొద్దని మా దేవుడి మాటన్నా. అవునంటే అవును, కాదంటే కాదు. దాని మీద ఒట్టు కూడా కావాలంటే నా అవునులో బలం లేదనే కదా?”

“సరే, మీ గ్రంథం మీదనే చెయ్యి పెట్టి చెప్పు!”

“వద్దని రాసి ఉండేదే ఆ గ్రంథంలో అన్నా.”

నాకు ఒళ్ళు మండింది. ఆయనను పక్కకు లాగి చెవిలో అన్నాను. “ఏమయ్యా, ఈ దేవుడు మన దేవుడు కాదు, ఈడ ఒట్టు పెడితే మనకేం తగులుతుంది? ఒక మునక మునిగి రా, పీడ పోతుంది.”

“తప్పు రూతమ్మా. ఆడ నిలబడినోళ్ళు భయభక్తులతో నిలబడినారు. నేను పోయి వాళ్ళ పక్కన నాటకం ఆడేదా? వాళ్ళ దేవుణ్ణీ మోసం చేసినట్లే, వరదన్ననూ మోసం చేసినట్లే.”

వరదయ్య మొహం ఎర్రబడింది. “ఊరిని ఏలేదానికి ఒచ్చినోడివప్పా నువ్వు. గుడిలో చెప్పే నీతులు గుడిలోనే పెట్టుకోవాల. మా గుడివైనా, మీ గుడివైనా. ఈడికి తెస్తే నువ్వూ మునుగుతావు, నన్నూ ముంచుతావు.” నిజం చెప్పాలంటే, నేను వరదయ్య పక్షమే.

ఆ రోజు నుంచి మా ఆయన పేరు ‘పొడిబట్టల సర్పంచ్’ అయింది. పరంధామయ్యకు అమ్ముడుపోయాడు కాబట్టే ప్రమాణం చేయలేదని ఊరూరా పాకింది. వరదయ్య మనుషులు మా పేటవాళ్ళను కలుపు కూలికి పిలవడం మానేశారు. బావి దగ్గర కూడా సూటిపోటి మాటలు. మా పేటలో పెద్దావిడ గంగులమ్మ మా వాకిట్లోకి వచ్చి నన్నే నిలదీసింది.

“మీ ఆయన ఒక్క మునక మునిగి వచ్చింటే మా కూలి పోయేదా పంతులమ్మా? ఆయన నీతికి మా కడుపులు మాడాల్నా?”

నేను ఆ మాటలన్నీ ఒక్కటి కూడా పోనీకుండా ఆయనకు వడ్డించాను. ఆయన ఆ పూట అన్నం తినలేదు. నాకు జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. అదే వారం పరంధామయ్య మనిషి చెంగయ్య మోటారు సైకిలు మీద వచ్చి, “ఇంక నువ్వు మావాడివేనంట కదప్పా!” అని నవ్వుతూ కూర్చున్నాడు. ఆయన “కాదు,” అన్నాడు. చెంగయ్యకు కాఫీ కూడా పూర్తిగా దిగలేదు.

ఇలా రెండు వైపులా చెడి కూర్చున్నాం. రెండు రోజుల్లో ఎన్నిక అనగా, ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు నాలుగు గుండ్లు ప్రత్యక్షమయ్యాయి. నున్నగా గొరిగి, చందనం పూసిన గుండ్లు. తేరిపార చూస్తే నలుగురూ సర్పంచులు. ముందున్నవాడు మునిరామయ్య, కాణిపాకంలో వరదయ్య వెనుక తడిబట్టలతో నిలబడినవాడు.

“ఏందప్పా ఈ వేషం?” అన్నాడు మా ఆయన.

మునిరామయ్య గుండు తడుముకున్నాడు. “పరంధామయ్య మమ్మల్ని తిరుపతిలో లాడ్జిలో పెట్టినాడప్పా. మూడు పూటలా భోజనాలు, సాయంత్రం సినిమా, వాకిట్లో కావలి. కొండకు పోయి తల నీలాలిచ్చి వస్తామంటే గానీ బయటికి ఇడిసిపెట్టలా. అనినాక ఇయ్యకుండా ఎట్లా వచ్చేది? స్వామికి చెప్పినాము కదా!”

నాకు నవ్వు ఆగలేదు. “మీరు వరదయ్య మనుషులు కదా? ఆ లాడ్జిలో మీకేం పని?”

నలుగురూ నేల చూశారు. తర్వాత మెల్లగా బయటపడింది. వరదయ్యతో ప్రమాణం చేసి వచ్చిన వారానికి పరంధామయ్య కారు పంపాడు. పెద్ద మనిషి, మొగమాటం, కాదనలేకపోయారు. ఆ కారు కూడా నేరుగా కాణిపాకానికే పోయింది! మొదటిసారి, “పరంధామయ్యకు నా ఓటు వెయ్యను” అని ఒట్టు. రెండోసారి, “వరదయ్యకు నా ఓటు వెయ్యను” అని ఒట్టు. అదే దేవుడు, అదే మెట్టు, అవే తడి పంచెలు. వీళ్ళ మాదిరే ఇంకా ముగ్గురున్నారట.

“ఎవురికేసినా కండ్లు పోతాయప్పా,” అన్నాడు మునిరామయ్య. “ఎయ్యకుంటే ఇద్దురూ మా ఊర్లను ఎండబెడతారు. రాత్రింబగళ్ళు ఆలోచన చేసినాము. మేము ఒట్టు పెట్టని మనిషి ఒకడుండాల. వాడు మాట తప్పనోడై ఉండాల. అట్లాంటోడు ఈ సమితి మొత్తానికి నువ్వొకడివే ఉండావు. నువ్వు నిలబడు. మా ఏడుగురివీ నీకే. మేము తిరిగితే ఇంకా కొందరు తిరుగుతారు.”

అప్పటికే వాకిట్లో పేటంతా మూగింది. గంగులమ్మ ఒక్క అడుగులో ముందుకొచ్చి, “నిలబడు నాయనా! మన బోరు మనమే ఏసుకుందాము,” అంది. బోరు, కూలి, పోయిన మర్యాద, నా బదిలీ, అన్నీ ఆ వాకిట్లోకి నడిచి వచ్చి నిలబడ్డాయి. ఆయన ఒక్క మాట అంటే చాలు.

“కాదు,” అన్నాడు ఆయన.

నేను తలుపు పట్టుకున్నాను.

“వరదన్నకు ఓటేస్తానని చెప్పినాను. ఆయన మీదనే నిలబడితే ఆ మాటేం కావాల?”

“ఆయన నిన్ను ఎన్నెన్ని మాటలన్నాడయ్యా!” అని అరిచాను నేను.

“ఆయన అన్న మాటలు ఆయనవి రూతమ్మా. నేనిచ్చిన మాట నాది.” తర్వాత మునిరామయ్య వైపు తిరిగాడు. “ఈ సంగతి వరదన్నకు చెప్పొచ్చునా? మీరు సరేనంటే పోయి చెప్తాను. ఆయన ఇడిసిపెడితే నిలబడతాను. లేదంటే నా ఓటు ఆయనకే.” నలుగురూ ఒకరి గుండు ఒకరు చూసుకుని, సరేనన్నారు. ఇంకేం చేస్తారు పాపం.

ఆయన సైకిలు తీస్తే నేను వెనక క్యారియరు మీద ఎక్కి కూర్చున్నాను. వరదయ్య చెనక్కాయ చేనులో కలుపు తీయిస్తున్నాడు. మమ్మల్ని చూడగానే మొహం తిప్పుకున్నాడు. మా ఆయన గట్టు మీద నిలబడి, ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట పెంచకుండా చెప్పాడు. వింటూ వింటూ వరదయ్య గట్టు మీద చతికిలబడ్డాడు.

“నా వ్యానెక్కి, నా ఇడ్లీలు తిని...” అని ఆగి, “గుండ్లు కూడా కొట్టించుకున్నారా?” అన్నాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, పై కండువాతో తుడుచుకుని, మా ఆయన వైపు తిరిగాడు.

“నాకు చెప్పకుండా నిలబడి ఉంటే గెలిచేవాడివి కదప్పా. ఎందుకొచ్చినావు?”

“నీకు అవునన్నాను కదన్నా.”

“అంతేనా?”

“అంతే.”

వరదయ్య మట్టి దులుపుకుని లేచాడు. “తడిబట్టలతో నా పక్కన నిలబడినోళ్ళలో ఎవురు నాకేస్తారో నాకిప్పుడు తెలీదు. పొడిబట్టలతో నిలబడినోడు మాత్రం నావాడేనని తెలిసిపోయింది. వాణ్ణే కదప్పా నేను తిట్టి పోసింది!” కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “పో, నిన్ను ఇడిసిపెట్టినాను. ఊరికే కాదు. నీ పేరు నేనే చెప్తాను సభలో. ఆ రోజు గుడి నీతులు గుడిలో పెట్టుకోమంటిని. తప్పు మాటంటిని. బయటికి తీసుకురా, ఎట్లుంటుందో సూస్తాము.” ఆనక కూలివాళ్ళ వైపు తిరిగి, “రేపట్నుంచి అరుళప్ప పేటోళ్ళను కూడా పిలవండి,” అని కేకేశాడు.

ఎన్నిక రోజు సమితి ఆఫీసు ముందు జనం విరగబడ్డారు. మా పేట ఆడవాళ్ళు పొద్దున్నే నడిచి వచ్చారు. నేను బడికి సెలవు పెట్టి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. పరంధామయ్య పేరు వచ్చింది. తర్వాత వరదయ్య లేచి తన పేరు కాకుండా మా ఆయన పేరు చెప్పేసరికి చెంగయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. బలపరుస్తున్నానంటూ మునిరామయ్య చెయ్యెత్తాడు. కిటికీలోంచి నాకు నాలుగు గుండ్లూ మెరుస్తూ కనబడుతున్నాయి. చీటీలు విప్పారు. అరుళప్ప, అరుళప్ప, పరంధామయ్య, అరుళప్ప... గంగులమ్మ నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ళ గుర్తులు తెల్లారినా పోలేదు. ఆఫీసరు పేరు చదవగానే బయట పలక డప్పులు మోగాయి. నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా, అందరి ముందూ ఏడ్చాను.

ఒక్కటే మిగిలింది. పదవిలో కూర్చునే ముందు ప్రమాణం చేయాలి! ఆఫీసరు కాగితం అందించి, “దేవుని పేరిట ప్రమాణం చేసి చెప్పండి,” అన్నాడు. సభ అంతా మా ఆయన పొడి చొక్కా వైపే చూసింది.

“ఒట్టు పెట్టను సార్. మాటిస్తాను.”

ఆఫీసరు ఒక క్షణం తడబడి, ప్రమాణం బదులు మాట ఇచ్చే పద్ధతి కూడా ఉందని ఒప్పుకున్నాడు. ఎవరూ అడగరు గాబట్టి ఆయనకూ గుర్తు లేదు. “సరే. భయపక్షపాతాలు లేకుండా, మీవాళ్ళని, పరాయివాళ్ళని చూడకుండా ఈ పని చేస్తారా?”

“అవును.”

ఆఫీసరు ఇంకేదో వస్తుందని పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వరదయ్య వెనక బెంచీ నుంచి లేచి నిలబడ్డాడు. “రాసుకోండి సార్. ఆ మనిషి అవునన్నాడు. ఇంక మునిగే పని లేదు.”

సభ మొత్తం చప్పట్లు. పరంధామయ్య కూడా రెండు చేతులూ కలిపాడు. తర్వాత కొన్ని నెలలకు సమితిలో అన్నిటికంటే పాడైన రోడ్డు ఏదని వెతికితే అది పరంధామయ్య ఊరిదేనని తేలింది. మా ఆయన మొదట దాన్నే వేయించాడు. మా పేట బోరులో నీళ్ళు పడిన రోజు పంచిన బెల్లం ఆ పరంధామయ్య మండీదే.

గెలిచిన సాయంత్రం సంగతి మాత్రం చెప్పాలి. ముందు పలకలు, వెనక జనం, నడుమ మా సైకిలు. నేను క్యారియరు మీద కూర్చుని, నెమ్మదిగా ఆయన వీపు మీద తట్టాను.

“ఏమయ్యా ప్రెసిడెంటూ, నా బదిలీ...”

చూద్దాం అంటాడేమోనని చెవి దగ్గర పెట్టాను. ఆ ఒక్కసారికి ఆ మాట ఎంత తియ్యగా ఉండేదో!

“కాదు రూతమ్మా. నీకంటే దూరం నడిచేవాళ్ళు ఉండారు. వాళ్ళయినాకనే.”

దభీమని సైకిలు దిగేశాను. ఊరు చేరేదాకా జనంలో నడిచానే గానీ ఎక్కలేదు. మోకాళ్ళు నొప్పి, కోపం, దాని కిందనే ఎక్కడో గొంతు దాకా పొంగుతున్న సంతోషం. ఇన్నేళ్ళూ ఊరించిన వాళ్ళ దయ కంటే ఈయన కాదనడమే నాకు గౌరవంగా అనిపించింది. ఆ ముక్క ఆయనకు మాత్రం చెప్పలేదు.

మర్నాడు సద్ది కట్టుకుని గుట్ట ఎక్కి దిగాను. బడి ముందు పిల్లలు నన్ను చూసి పరుగెత్తుకొచ్చారు.

“టీచర్, మీ ఇంటాయన ప్రెసిడెంటయినాడంట కదా! మీరింకా ఈ బడికే వస్తారా?”

“అవును,” అన్నాను, తలెత్తి.