మిగులు గుజ్జు

రత్తమ్మకి మిరపకోతలంటే ప్రాణం. కూలి కోసమని ఆమె చెప్పేది గానీ, నిజానికి సాళ్ల మధ్య సాగే కబుర్ల కోసమే. రెండేళ్ల కిందట మోకాళ్లు మొరాయించాయి. గుజ్జు అరిగిపోయిందన్నారు. అప్పట్నుంచి పొద్దున్నే రొంపిచెర్ల ఆడవాళ్లు కేకలేసుకుంటూ ఆటోలో పోతుంటే, కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆటో మలుపు తిరిగేదాకా చూసేది.

ఇంతలో మనవరాలు నాగవేణికీ మోకాలే పట్టుకుంది. పదేళ్ల పిల్ల. నడుస్తుంటే మోకాలు టక్కుమనేది, ఒక్కోసారి బిగుసుకుపోయి చాపుకోవడానికి వచ్చేది కాదు. నరసరావుపేట డాక్టరు స్కానింగ్ చూశాడు.

"మోకాల్లో గుజ్జు నెలవంకలా ఉండాలమ్మా. ఈ పాపకి పుట్టుకతోనే పళ్లెంలా నిండుగా ఉంది. చిరిగింది కూడా. ఎక్కువున్నది తీసేసి, చిరిగినచోట కుట్టేస్తాం."

ఎక్కువున్నది తీసేస్తారంట! రత్తమ్మ చెవిలో ఆ ముక్కే నిలిచిపోయింది. తీసింది ఏం చేస్తారు, పారేస్తారా? కొడుకు కోటిబాబుతో అంటే కసురుతాడని నోరు మూసుకుంది. నాగవేణి చెవిలో మాత్రం ఊదింది. అప్పటిదాకా ఆపరేషన్ వద్దని ఏడ్చిన పిల్ల కళ్లు తుడుచుకుని, "అయితే సరేలే నానమ్మా" అంది.

ఆపరేషన్ రోజు పాపకి ఏమీ పెట్టొద్దన్నారు. రత్తమ్మ కూడా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని థియేటరు బయట కూర్చుంది.

"ఏంది పెద్దమ్మా, టిఫిన్ చెయ్యలా?" అంది నర్సు రేచల్.

"నన్నెప్పుడు పిలుస్తారమ్మా?"

"నిన్నెందుకు?"

"పిల్లకి తీసింది నాకు పెట్టాలిగా. ఆరిపోకముందే పెడితేనేగా అతుక్కునేది."

రేచల్ నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది. పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "చిన్న బెజ్జంలోంచి తునకలు తునకలుగా తీస్తారు పెద్దమ్మా. అదంతా నీళ్లలో కొట్టుకుపోద్ది. నీ మోకాలికి పనికిరాదు."

రత్తమ్మకి ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇక ఆ ఆటో ఎక్కేది లేదు. బుద్ధిలేనిదాన్నని తిట్టుకుంది గానీ, తిట్టుకుంటే పోయే ఆశా అది?

సాయంత్రానికి నాగవేణికి మత్తు వదిలింది. కాలికి పెద్ద కట్టు. నొప్పికి మూలుగుతూనే ముందుగా అడిగింది అదే.

"నానమ్మా, నీకు పెట్టారా?"

రత్తమ్మ పిల్ల తల నిమిరింది.

"పెట్టారే తల్లీ. చానా బాగా పెట్టారు."

"నీకు కట్టేదీ?"

"చీర కింద ఉందిలే."

"ఏదీ, నడువు."

రత్తమ్మ చేతికర్రని మంచం కిందకి తోసేసింది. ప్రాణం పోతున్నా పైకి తేలనివ్వకుండా, వార్డు చివరి కిటికీ దాకా నడిచింది.

"ఈ ఏడు కోతలకి పోతావా?" వెనక నుంచి అడిగింది నాగవేణి.

కిటికీ ఊచ పట్టుకుని, వెనక్కి తిరగకుండానే, "పోకేం?" అంది రత్తమ్మ.