పగులు కాదట, ఊపిరట

ఆ పత్రికాఫీసులో ఆమెను ఎదురుగా 'మేడమ్' అనేవారు, వెనక 'భూతద్దం' అనేవారు. అచ్చుకు వెళ్లే ప్రతి వార్తలోనూ పేర్లు, తేదీలు, అంకెలు సరిచూడడం ఆమె ఉద్యోగం. ఒకప్పుడు పాత పేపర్ల కత్తిరింపులు దాచిన గదిలో, కిటికీని సగం మింగేసిన ఏసీ డబ్బా పక్కన, ఆమె బల్ల ఉండేది. రిపోర్టర్లు ఆ గదిలోకి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు వెళ్లేవారు. తప్పదు కనుక, నోరు బిగబట్టుకుని.

ఒక సోమవారం ఎడిటర్ గారు ఏదో సదస్సు నుంచి తిరిగొచ్చి, 'విలేకరులకు పనికొచ్చే నలభై వెబ్‌సైట్లు' అంటూ అందరికీ ఒక జాబితా పంపారు. మాయమైన వెబ్ పేజీల పాత ప్రతులు చూపించేవి, ఒక ఫోటో ఇంకెక్కడెక్కడ వాడారో పట్టిచ్చేవి, కంపెనీల రిజిస్ట్రేషన్లు, కోర్టు తీర్పులు, పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టేవి అందులో ఉన్నాయి. రిపోర్టర్లకు మాత్రం నచ్చింది ఒకే ఒక్కటి. అందులో ప్రశ్న పడేస్తే అరగంటలో ఎవరో ఒక నిపుణుడు, ఫోటోతో సహా, జవాబు పంపేవాడు. మిగతా ముప్పైతొమ్మిదీ తెరిచి చూసింది భూతద్దం ఒక్కతే.

ఆ నిపుణుల్లో ఒక డాక్టరు గారు ఉండేవారు. ఫోటోలో నెరిసిన గడ్డం, సన్నటి ఫ్రేము కళ్లజోడు, లోకాన్నంతా క్షమించేసినట్టు చిరునవ్వు. ఏదో పరిశోధనా సంస్థకు అధిపతి అట. మొదట నిద్ర గురించి అడిగితే చక్కగా చెప్పారు. తర్వాత పిల్లల మొండితనం గురించి, నీటి ఎద్దడి గురించి, పెంపుడు పిల్లుల ఒంటరితనం గురించి అడిగారు. ఒక్కదానికీ ఆయన తడుముకోలేదు. ఆఫీసులో 'పరుగు' అని పేరుపడ్డ రిపోర్టరు ఒకాయన ఉండేవాడు. కుర్చీలోంచి లేవకుండా రోజుకు నాలుగు వార్తలు రాయగలడు కనుక ఆ పేరు. ఆయనకైతే డాక్టరు గారు ఇలవేల్పు.

"ఈయన దేంట్లో డాక్టరు?" అని భూతద్దం ఒకసారి అడిగింది.

"అన్నింట్లోనూ మేడమ్. లేకపోతే అంత తొందరగా ఎలా చెప్తాడు?"

ఆమె ఎడిటర్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ఆయన చెప్పిన మాట మనం సరిగ్గా అచ్చేశామా లేదా చూడమ్మా. ఆయన సరైనవాడా కాదా అన్నది ఆయన చూసుకుంటాడు" అన్నారు.

వానలు వెలిసిన వారంలో, రైలు పట్టాల మీదున్న నడక వంతెనకు పగులు కనిపించింది. స్కూలు పిల్లలు, కూరగాయలకు వెళ్లేవాళ్లు, డ్యూటీ దిగిన నర్సులు రోజూ దాని మీద నుంచే దాటాలి. పరుగు కుర్చీలోంచి లేవలేదు. ప్రశ్న పడేశాడు. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. 'కాంక్రీటు కూడా గాలి పీల్చుకుంటుంది. పగులు అంటే నిర్మాణం ఊపిరి తీసుకుంటోందని అర్థం. లోపల గట్టిగా, పైన కాస్త వదులుగా ఉన్నదే ఎక్కువ కాలం మన్నుతుంది.' మర్నాడు ఐదో పేజీలో పెద్దక్షరాలు: 'పగులు కాదు, ఊపిరి!'

మునిసిపల్ ఇంజినీరుకు ఆ కత్తిరింపు ఎంత నచ్చిందంటే, దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి వంతెన మెట్ల దగ్గర అతికించాడు. మరమ్మతు ఫైలు అడుగుకు వెళ్లిపోయింది.

ఆ వార్త అచ్చుకు వెళ్లిన రోజు భూతద్దానికి సెలవు. మర్నాడు చదివి ఒళ్లు మండింది. మండుతూనే, 'లోపల గట్టిగా, పైన వదులుగా' దగ్గర ఆగింది. ఎక్కడో విన్న మాట. ఎంత గింజుకున్నా గుర్తురాలేదు.

మధ్యాహ్నం పని మొదలుపెట్టింది. ముందు ఫోటో. అదే గడ్డం, అదే చిరునవ్వు ఒక దేశంలో కట్టుడు పళ్లు అమ్ముతున్నాయి, ఇంకో దేశంలో వృద్ధుల విహారయాత్రలు. ఎవరైనా కొనుక్కోగలిగిన ముఖం. తర్వాత పట్టా. ఆ విశ్వవిద్యాలయం పేరు గుర్తింపు పొందిన జాబితాల్లో దేంట్లోనూ లేదు. చివరికి పరిశోధనా సంస్థ వెబ్‌సైటు. పాత ప్రతులు చూపించే చోట ఆ చిరునామా కొట్టి, రెండేళ్ల వెనక్కి వెళ్లింది. పేజీ మెల్లగా తెరుచుకుంది. పరిశోధన లేదు, సంస్థ లేదు. పరుపుల దుకాణం ఉంది. కింద నినాదం: 'లోపల గట్టిగా, పైన మెత్తగా - మీ వెన్నుకు మా పూచీ.' దాని కింద ఫోన్ నంబరు.

ఆ నంబరును తన ఫోన్‌లో ఒక్కొక్క అంకే నొక్కింది. ఇంకా రెండంకెలు ఉండగానే ఫోనే పేరు చూపించింది: 'బావ షాపు'.

వంతెన వార్త పోగా అరవైసార్లు ఆమె స్పెల్లింగులు దిద్ది అచ్చుకు పంపిన మహానుభావుడు ఆమె అక్క మొగుడు.

ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లింది. అక్క తలుపు తీసి, "ఏమే, ఫోనైనా చెయ్యకుండా వచ్చావు?" అంది. లోపల భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన కత్తెర, జిగురు, లావుపాటి ఆల్బమ్. బావ రెండు వేళ్లతో టైపు చేస్తున్నాడు.

"రా మరదలా, కూర్చో. ఎవరో తేనెటీగల గురించి అడిగారు. ఒక్క పది నిమిషాలు."

"తేనెటీగల గురించి మీకేం తెలుసు బావా?"

ఆయన వేళ్లు ఆగాయి. మరదలి ముఖం చూశాడు. అబద్ధమాడే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"పట్టేశావన్నమాట. ఎన్నాళ్లు పట్టింది?"

"ఒక్క మధ్యాహ్నం."

"అయితే మీ పత్రికలో ఇన్నాళ్లూ ఎవరికీ ఒక్క మధ్యాహ్నం తీరిక లేదా?" అన్నాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యమే ఉంది, ఎగతాళి లేదు.

ఆ మాట ఆమెకు చురుక్కుమని తగిలింది. ఆయనే మళ్లీ అందుకున్నాడు. "షాపు మూతపడ్డాక నన్ను ఎవరైనా ఏదైనా అడిగారా చెప్పు. పాలవాడు కూడా మీ అక్కనే అడుగుతాడు. ఆ సైట్లో నిద్ర గురించి ప్రశ్న కనిపించింది. ముప్పై ఏళ్లు పరుపులమ్మానే, నిద్ర గురించి నాకు తెలీదా అని రాశాను. వేశారు! ఆ పైన వాళ్లు అడుగుతూనే ఉన్నారు. నిపుణుడన్నాక తెలీదంటే బాగుంటుందా?"

"ఆ గడ్డం?"

"నా ఫోటో పెడితే పరుపులమ్మేవాడిలా ఉన్నాను."

అక్క ఆల్బమ్‌ను ఒడిలోకి లాక్కుంది. "నువ్వు మా ఆయన మీద నేరం మోపడానికి వచ్చావా? ఏడాదిపాటు ఆ కుర్చీలో గోడ చూస్తూ కూర్చున్నారే ఈయన. అప్పుడు రాలేదేం పొద్దున్నే?"

భూతద్దం గుమ్మం వైపు తిరిగి, "బావా, చెప్పులేసుకోండి. ఒకచోటికి వెళ్దాం" అంది.

వంతెన అక్కడి నుంచి నడిచి పది నిమిషాల దూరం. మెట్ల మొదట్లో ప్లాస్టిక్ తొడుగులో ఆయన మాటలు మెరుస్తున్నాయి. ఒక ముసలాయన ఆగి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుని, నిశ్చింతగా మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇద్దరు పిల్లల్ని లాక్కుంటూ ఒకామె ఎక్కింది. కింద రైలు వెళ్లింది. పగులు దగ్గర సున్నం పొడిపొడిగా రాలింది.

"ఎక్కండి బావా," అంది ఆమె.

"ఎందుకు?"

"అవతలికి వెళ్లి వద్దాం. ఊపిరి తీసుకుంటోందిగా, చూద్దాం."

బావ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పైకి చూశాడు. కాలు తీసేశాడు. "మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి."

"మొన్న నీళ్ల ట్యాంకు కడగడానికి మేడెక్కారట. అక్క ఫోన్‌లో చెప్పింది."

బావ గోళ్లతో ఆ కాగితం అంచు గీకడం మొదలుపెట్టాడు. గట్టిగా అతికించారు, ఊడి రాలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా అంచుతో కళ్లజోడు తుడుచుకుని, "ఏం రాయాలో చెప్పు. నా పేరుతోనే రాస్తాను" అన్నాడు.

సోమవారం ఉదయం ఎడిటర్ గారి గదిలో ఆమె బావ సంతకంతో ఉన్న ఉత్తరం పెట్టింది. దాని మీద ఇంకో కాగితం. ఆదివారమే ఆమె వంతెనల మీద పరిశోధన వ్యాసాలు వెతికి, ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్‌ను పట్టుకుంది. వంతెన చూడకుండా ఆవిడ ఏ మాటా చెప్పనంది. సాయంత్రం చిన్న సుత్తి పట్టుకుని తనే వచ్చి, గంటసేపు తట్టి చూసి, ఒకే వాక్యం రాసిచ్చింది: 'వెంటనే మూసేయండి.'

"ఇంతేనా? ఇది వార్తకు చాలదే," అన్నారు ఎడిటర్ గారు.

"వంతెనకు చాలు సార్. ఇంజినీరుకు పొద్దున్నే చూపించాను. పేపర్లో వచ్చిందా అని అడిగాడు."

ఎడిటర్ గారు బావ ఉత్తరం చదివి నుదురు రుద్దుకున్నారు. "ఎన్నిసార్లు వేశామమ్మా ఈయన్ని?"

"అరవై ఒకటి."

"సవరణ వేస్తే అరవై ఒక్కటీ వెయ్యాలి. అసలు వెయ్యకపోతే ఏ గొడవా లేదు."

మూల కుర్చీలో పరుగు గట్టిగా తలూపాడు. భూతద్దం ఇంకో కాగితం తీసింది. "ఈయన్ని ఎదుటి పత్రికవాళ్లూ వేశారు సార్. తొంభై నాలుగుసార్లు."

ఎడిటర్ గారి వీపు కుర్చీకి నిటారుగా అతుక్కుంది. ముఖంలోకి వెలుగొచ్చింది. "తొంభై నాలుగా! మరి ముందే చెప్పవేం? మొదటి పేజీ!"

మర్నాడు మొదటి పేజీలో, పరుగు పేరు మీద, ఎదుటి పత్రిక పాఠకులను ఎలా వంచించిందో సాక్ష్యాలతో సహా వచ్చింది. ప్రొఫెసర్ మాట కూడా వచ్చింది, అదొక్కటే ఉపయోగం. సొంత అరవై ఒక్కటి తొమ్మిదో పేజీ అడుగున, చీమలు బారులు తీరినట్టున్న అక్షరాల్లో, 'కొన్ని వార్తల్లో సాంకేతిక పొరపాటు దొర్లింది' అని సరిపెట్టారు. ఏ వార్తల్లో, ఏ పొరపాటు అన్నది రాయలేదు. ఆ వాక్యాన్ని సరిచూడమని ఆమెకే పంపారు. స్పెల్లింగు తప్పులేమీ లేవు.

మధ్యాహ్నానికల్లా వంతెన మెట్లకు అడ్డంగా ఇనుప కంచె పడింది. ఇంజినీరు దాని ముందు నిలబడి ఫోటో దిగాడు. ఆ ఏడాది ఉత్తమ పరిశోధనాత్మక వార్త బహుమతి పరుగు పుచ్చుకున్నాడు. వేదిక మీద 'మా లైబ్రరీ సిబ్బందికి కూడా' కృతజ్ఞతలు చెప్పాడట. ఆఫీసులో లైబ్రరీ మూసేసి ఆరేళ్లయింది.

బావ పరువు వీధిలో పోయింది. ఎగతాళి నెల రోజులు సాగింది. ఆ తర్వాత ఆయన మంచాలు, పరుపులు బాగుచేసే ఒక కొట్లో పనికి కుదిరాడు. అక్క మాత్రం చెల్లెలితో మాటలు మానేసింది. పైగా వంతెన మూతపడ్డాక కూరగాయలకు చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు నడవాల్సి వచ్చేది. అది కూడా చెల్లెలి ఖాతాలోనే పడింది.

భూతద్దం ప్రతి ఆదివారం వెళ్లి ఆ సంచులు మోసేది. అక్క ముందు, ఆమె వెనక. నాలుగు ఆదివారాలు ఒక్క మాట లేదు. ఐదో ఆదివారం అక్క దారి మధ్యలో ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఆ సుత్తి పట్టుకొచ్చినావిడ... నిజంగా ప్రొఫెసరేనా?"

"అవునక్కా. కాలేజీకి ఫోన్ చేశాను, వ్యాసాలు చూశాను, స్వయంగా వెళ్లి కలిశాను."

అక్క వెనక్కి తిరిగి, చెల్లెలు మోస్తున్న సంచుల్లో ఒకటి తన చేతిలోకి తీసుకుంది.

"పద, ఎండెక్కుతోంది."