మధ్యాహ్నం మెడ ముక్క వాసన

ఆ వీధిలో మాంసం దుకాణానికి బోర్డు లేదు. అవసరం పడలేదు. దుకాణం వెనకే ఇల్లు, రెంటికీ మధ్య ఒక తలుపు. మధ్యాహ్నం కాగానే ఆ తలుపు బార్లా తీసి, తమ భోజనానికని పక్కన పెట్టుకున్న ముక్కని ఇంటి పొయ్యి మీద వేయించేవాళ్ళు. వాసన దుకాణం దాటి వీధిలోకి వెళ్ళేది. దారినపోయేవాళ్ళు ఆగి, ఇవాళ ఏ ముక్క అని అడిగేవాళ్ళు. దుకాణంవాళ్ళు తమ నోట్లో పెట్టుకునేదే ఆ రోజుకి మంచి ముక్కని వీధికంతా తెలుసు, అదే కట్టించుకుని పోయేవాళ్ళు. ఈ పద్ధతి పెట్టింది పెద్దాయన. వీధి ఆయన్ని కత్తిగారు అంటుంది, ఇంట్లో కోడలు మామయ్య అంటుంది. ఏ ముక్కో చెప్పడంలో ఆయన ఒక్కనాడూ అబద్ధం ఆడలేదు, ఒక్కనాడూ పొరబడలేదు. ఆ సంగతి ఎవరైనా మర్చిపోతారేమోనని ఆయనే రోజుకోసారి గుర్తుచేసేవాడు.

ఇప్పుడా తలుపు మధ్యాహ్నాలు మూసి ఉంటోంది.

మొద్దు దగ్గర నిలబడి ఎముక కొడుతూ కొడుతూ కత్తిగారు గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. నాళాలు పూడుకుపోయాయి, ఈసారికి గట్టెక్కాడు, మాంసం మానేస్తే బతుకుతాడు, మానకపోతే ఇంకోసారి ఇక్కడిదాకా తీసుకొచ్చే వ్యవధి కూడా ఉండదు. ఆ మాట విన్నది కోడలు. కొడుకు అప్పుడు మందుల కోసం కిందికి వెళ్ళాడు. వచ్చాక ఆమె అక్షరం పొల్లుపోకుండా చెప్పింది, అతను తలూపాడు కూడా. అయినా ఆ మాట ఇంట్లో ఆమెకొక్కదానికే వినిపించినట్టు నడుస్తోంది వ్యవహారం.

ఇంటికొచ్చిన రోజునే కత్తిగారు తలుపు మూయించాడు. మాంసం కొట్టేవాడి ఇంట్లోంచి ఉడకబెట్టిన ఆకుల వాసన వీధిలోకి వెళ్తే ఆయన తలెత్తుకుని తిరగలేడట. దుకాణంలో స్టూలు మీద కూర్చుని బేరాలు చూసుకుంటానని, తను గడ్డి తింటున్న సంగతి మాత్రం పొక్కకూడదని హుకుం. కోడలు సరేనంది. ఆయన బతికుంటే చాలు, తలుపు మూసుకుంటే తన సొమ్మేం పోయింది.

కానీ ఆయన తినడే. సొరకాయ పెడితే కంచం పక్కకి నెట్టాడు. చిక్కుడు గింజలు పెడితే, నేనేం గుర్రాన్నా అన్నాడు. బంగాళాదుంప పెడితే లేచి వెళ్ళి గోడకేసి తిరిగి పడుకున్నాడు. తన బతుకులో ఇంత మొండి మనిషిని చూడలేదనుకుంది కోడలు, చూసింది కూడా, అద్దంలో. పక్కింటావిడ అయితే ఒకరోజు ప్రహరీ మీంచి తొంగిచూసి, పాపం పెద్దాయన్ని ఎండగట్టేస్తున్నావటమ్మా అంది. ఎవరు చెప్పారో అడగక్కర్లేదు. మామగారు వీధంతటి ముందూ తిండికి మొహంవాచిన మనిషిలా కూర్చుంటే, కోడలు తిండి పెట్టని కోడలైపోయింది.

ఒక బుధవారం బట్టలు ఉతుకుతుంటే మామగారి ఏప్రన్ జేబులో జిడ్డోడుతున్న కాగితం పొట్లం తగిలింది. విప్పింది. లోపల వేయించిన లివర్ తాలూకు తునకలు. తను వేయించింది కాదు, బయట కొన్నది; మామగారు స్టూలు దిగి ఎక్కడికీ పోడు. కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాగితం పట్టుకుని తడి చేతులతోనే దుకాణంలోకి వెళ్ళింది. పెద్దాయన మందులేసుకుని లోపల నిద్రపోతున్నాడు. భర్త మొద్దు కడుగుతున్నాడు. నలుగురిలో అతన్ని మీరు అనే మనిషి, ఆవేళ నువ్వులోకి దిగిపోయింది.

"ఎన్నాళ్ళనించి పెడుతున్నావు?"

అతను నీళ్ళు నమిలాడు. రోజూ కాదన్నాడు. ఒక ముక్కేనన్నాడు. చివరికి చేతిలో బ్రష్షు పక్కన పెట్టి, "నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూళ్ళేకపోయాను," అన్నాడు.

"నీ జాలి దాచిపెట్టుకో," అంది ఆమె. "ఆయన పోయాక ఏడవడానికి పనికొస్తుంది."

అతను మొహం మాడ్చుకున్నాడు. నీకేం, నీ కన్నతండ్రి కాదుగా అని గొణిగాడు. ఆమె పొట్లం చెత్తబుట్టలో పడేసి ఇంట్లోకి వచ్చేసింది. జవాబు చెబితే అక్కడున్న కత్తులన్నీ చూస్తూ చెప్పాల్సొచ్చేది.

కన్నతండ్రి కాదు, నిజమే. ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకి కత్తి పట్టుకోవడం కూడా రాదు. కత్తిగారే నేర్పాడు. తిడుతూ నేర్పాడు, వేలు తెగితే కట్టు కడుతూ తిట్టాడు. ముక్క ఎటు నారుందో చూసి అడ్డంగా కొయ్యడం, తడి తుడిచాకే పెనం మీద వెయ్యడం, అన్నీ ఆయనే. పుట్టింట్లో ఎవరూ ఆమెకి ఏ పనీ ఇంత కోపంగా, ఇంత ఓపిగ్గా నేర్పలేదు. అలాంటి మనిషిని ఒక చేత్తో తను గుంజుకొస్తుంటే, ఇంకో పక్క కన్నకొడుకు ప్రేమగా తోసేస్తున్నాడు. పైగా మంచివాడన్న పేరు అతనికి, గయ్యాళి అన్న పేరు తనకి.

మర్నాడు వంటింట్లోకి వెళ్ళిన కోడలు గిన్నెలు ఎత్తి కుదెయ్యడం చూస్తే, వాటికి కాళ్ళుంటే పారిపోయేవి. పొయ్యి మీద నీళ్ళు పెట్టబోయి ఆగింది. ఇన్నాళ్ళుగా తను చేస్తున్నదేమిటి? కూరగాయ కనిపిస్తే చాలు, నీళ్ళలో ముంచి ఉడకబెట్టడం. రోగికి పెట్టినట్టు, శిక్ష వేసినట్టు. మాంసాన్ని అలా ఉడకబెట్టి పెడితే ఈ మామగారు అదీ విసిరికొట్టేవాడు. తనమీద తనకే ఒళ్ళు మండింది. కాస్త ఆలస్యంగా మండిందని ఇంకా మండింది.

గోడకి తగిలించిన ఇనప పెనం దించింది. ఆయన జబ్బుపడ్డాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది ఎర్రగా కాలేదాకా పొయ్యి మీద ఉంచింది. పుట్టగొడుగుల్ని కత్తి పెట్టకుండా చేత్తోనే లావుపాటి ముక్కలుగా చీల్చి, గుడ్డతో ఒత్తి తడి తుడిచింది. గుంపుగా వేస్తే ఉడుకుతాయి, విడివిడిగా వేస్తే వేగుతాయి. అదీ మామగారి పాఠమే. విడివిడిగా పరిచి, పాత త్రాసు తాలూకు ఇనప రాయి కడిగి పైన బరువు పెట్టింది. కదపలేదు. వేగిన ముక్క తనంతట తనే పెనాన్ని వదులుతుందని ఆయన ఎన్నిసార్లు అరిచాడో. అవి అడుగున ముదురు రంగుకి తిరిగి, వాటంతటవే వదిలాక తిరగేసింది. సన్నగా తరిగిన ఉల్లిపాయలు నల్లబడీ నల్లబడకుండా వేయించి, వెల్లుల్లి నలిపి వేసి, మెడ ముక్కకి పట్టించే మిరియాల పొడే గుప్పెడు చల్లింది. టమాటా చిదిమి, కాసిని నీళ్ళు పోసి, అడుగంటినదంతా గరిటెతో గీకి అందులోనే కలిపింది. ఉప్పు ఆఖర్న వేసింది. మొత్తం మీద పెద్ద పనేం కాదు, కోపం చల్లారేలోపు అయిపోయింది.

మధ్యలో పొగ మాత్రం గది నిండా కమ్ముకుంది. కళ్ళు మండి, దగ్గొచ్చి, కోడలు కాలితో తలుపు తన్ని బార్లా తెరిచింది. తెరవకూడదన్న సంగతి ఆ క్షణాన ఆమెకి గుర్తు లేదు.

దుకాణంలో స్టూలు మీద కత్తిగారు వాసన పీల్చాడు. సరిగ్గా అప్పుడే ఎదురు వరసలో బట్టలు కుట్టే దర్జీ గుమ్మంలో నిలబడి, ఎన్నాళ్ళకి మళ్ళీ వాసనొచ్చింది, ఇవాళ ఏ ముక్కండీ అని అడిగాడు.

"మెడ," అన్నాడు కత్తిగారు, ఆలోచించనైనా ఆలోచించకుండా. "లేత మెడ. మిరియాలు పట్టించింది."

దర్జీ మెడ ముక్క కట్టించుకున్నాడు. అతని వెనకే డ్రిల్లు మాస్టారు, ఆయన వెనక ఇంకెవరో. కొడుకు ముక్కలు కొట్టలేక కొట్టాడు. బేరాలవుతున్నకొద్దీ కత్తిగారి మొహం ఎర్రబడింది. తనకి గడ్డి పెట్టి, తలుపు మూసి, వెనకాల ఈ మహాతల్లి మెడ ముక్కలు వేయించుకుని తింటోందన్నమాట. ఆఖరు మనిషి వెళ్ళగానే లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"ఆ మెడ ముక్క ఇటు పెట్టు," అన్నాడు. "చస్తే తినే చస్తాను."

ఇన్ని రోజులు చెప్పిందే చాలనిపించింది కోడలికి. కంచంలో రొట్టె, దాని పక్కన పెనంలోది ఇంత వడ్డించి ఆయన ముందు పెట్టింది. పెట్టడం కాదు, మోదింది.

కత్తిగారు కోపంగా తిన్నాడు. ఒక ముక్క, ఇంకో ముక్క, గ్రేవీలో ముంచిన రొట్టె. నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు. తర్వాత ముక్క తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా రెండు వేళ్ళతో విడదీసి వెలుతురు వైపు పట్టాడు.

"దీనికి నారేదీ?"

"ఉండదు. అది పుట్టగొడుగు."

ఆయన ఆమె వంక చూశాడు, పెనం వంక చూశాడు, తెరిచి ఉన్న తలుపు వంక చూశాడు. చేతిలో ముక్క తిరిగి కంచంలో పెడతాడేమో, కంచం గోడకేసి కొడతాడేమో అనుకుంది కోడలు. ఆయన ముక్క నోట్లో వేసుకుని, కంచం రొట్టెతో తుడిచి మరీ ఖాళీ చేశాడు. అప్పుడన్నాడు, గొంతు బాగా తగ్గించి, "వీధికంతా మెడ అని చెప్పాను."

మీరు తిన్నారు, నాకదే కావాలంది కోడలు. వీధి సంగతి ఆమెకి పట్టలేదు, సాయంత్రం దాకా.

సాయంత్రం దర్జీ గిన్నె పట్టుకుని వచ్చాడు. డ్రిల్లు మాస్టారు ఉత్త చేతులతోనే వచ్చినా ఆయన గొంతు చాలు. మధ్యాహ్నం వచ్చిన వాసనకీ, తమ ఇళ్ళలో ఉడికినదానికీ పొంతనే లేదన్నారు. దుకాణం ముందు మనుషులు పోగయ్యారు. కొడుకు రెండు చేతులూ తుడుచుకుని, మెడ ముక్క కదండీ, నిదానంగా చెయ్యాలి, ఆడవాళ్ళు మంట ఎక్కువ పెట్టి ఉంటారు అన్నాడు.

"నేనూ అదే అన్నాను," అన్నాడు దర్జీ. "మా ఆవిడ మీద కేకలేశాను. వంట చేతకాదన్నాను. పొద్దున్నించీ మిషను తొక్కి తొక్కి వచ్చి చేసిందేమో, ఏడుస్తూ కూర్చుంది."

తలుపు వెనక నిలబడ్డ కోడలికి పళ్ళు పటపటమన్నాయి. ఈ ఇంట్లో మగవాళ్ళ పరువు కాపాడ్డానికి ఎక్కడో ఇంకో వంటింట్లో ఇంకో ఆడమనిషి తిట్లు తింది. బయటికి వచ్చి కడిగేద్దామని గడప మీద కాలు పెట్టింది. ఈలోపు స్టూలు చప్పుడైంది. కత్తిగారు లేచి నిలబడ్డాడు.

"నోరు ముయ్యి," అన్నాడు కొడుకుతో. తర్వాత దర్జీ వైపు తిరిగాడు. "అది మెడ కాదయ్యా. మా కోడలు వేయించిన పుట్టగొడుగులు. నేనే పొరబడ్డాను. ముందు ఇంటికెళ్ళి మీ ఆవిడకి ఈ మాట చెప్పు."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. కత్తిగారు ఆ నవ్వు ఎటునించి వచ్చిందో వెతికి పట్టుకుని మరీ గుడ్లురిమాడు.

"నా గుండె పాడైంది. నేను మాంసం అమ్మొచ్చు, తినకూడదు. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకుని పొండి, రేపు మళ్ళీ నవ్వితే ఊరుకోను."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, అది ఎలా వేయించాలేమిటి అని అడిగాడు. ఆయనకీ డాక్టరు ఏదో చెప్పాడట, ఇంతవరకూ ఇంట్లో చెప్పలేదట. కత్తిగారు తనే వండినంత ధీమాగా మొదలుపెట్టాడు. పెనం కాలాలి, తడి తుడవాలి, ఉప్పు చల్లి విడివిడిగా పరవాలి అన్నాడు.

"ఉప్పు ఆఖర్న," అంది కోడలు గడప మీంచి. "ముందేస్తే నీరూరి చప్పబడతాయి."

"ఆఖర్నే వెయ్యండి," అన్నాడు కత్తిగారు విసుగ్గా. "అది చెప్పినట్టే చెయ్యండి."

మర్నాడు మధ్యాహ్నం కోడలు వంకాయల్ని అరచేతి మందాన నిలువుగా కోసి, ఇనప రాయి కింద పెనం మీద ఒత్తుతోంది. కోపం ఇంకా పోలేదు. మామగారి మీద సగం పోయింది, భర్త మీద చెక్కుచెదరలేదు. అలవాటుకొద్దీ తలుపు మూసే ఉంచింది. భోజనానికి కత్తిగారు ముందొచ్చాడు, వెనక కొడుకు వచ్చాడు. వస్తూ వస్తూ, ఆమె అటు తిరిగి ఉండడం చూసి, జేబులోంచి కాగితం పొట్లం తీసి తండ్రి ఒళ్ళోకి జార్చాడు. మంచివాడి అలవాటు అంత తొందరగా పోదు.

కాగితం చప్పుడుకి కోడలు ఇటు తిరిగింది. గరిటె చేతిలోనే ఉంది. ఆమె నోరు తెరిచేలోపే కత్తిగారు పొట్లం విప్పి, వాసన చూసి, దాన్ని కొడుకు చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"నన్ను చంపాలంటే బయట కత్తులున్నాయిరా," అన్నాడు. "ఇంత నూనె ఎందుకు దండగ?"

కొడుకు చేతిని కత్తిగారు కాసేపు వదల్లేదు. వదిలాక కంచం దగ్గరికి లాక్కుని, కోడలి మీద విరుచుకుపడ్డాడు.

"మధ్యాహ్నమైంది. ఆ తలుపెందుకు మూసి ఉంది?"

కోడలు పొయ్యి మంట పెంచి, వెళ్ళి తలుపు తీసింది.